అరికాలు ఎవరి బాధ్యత?

పెద్దలు కనిపించిన వంగి పాదములకు మ్రొక్కుట మన వాడుక. మ్రొక్కునప్పుడు మన చేతికి తగులునది పాదము పైభాగమే. ఆ అరికాలు ఎట్లున్నదో చూచినవారు ఎందరు? నేను చూచినవాడను గాను. ఈ నాలుగు మాటలు వ్రాయుటకు కారణము అదియే.

నేను రాజపాళయమున వర్తకుడను. మా ఊరి చేరువనున్న సత్రపట్టిలో నేయు బ్యాండేజీ గుడ్డ దేశవిదేశముల ఆసుపత్రులకు పోవుచున్నది. నా కుటుంబము బ్రతుకునది దానిపైననే. మా నాయనగారికి 78 ఏండ్లు, 20 ఏండ్లుగా షుగరు వ్యాధి. ఒకనాడు నా గోడౌనులోనే ఆయన కాలిలో గుండుసూది దిగినది. ఆయనకు తెలియలేదు. పక్కదుప్పటిపై మరక చూచి అమ్మ చెప్పువరకు మాకును తెలియలేదు. అప్పటికే చీము ఎముకకు పట్టినది. ప్రభుత్వ ఆసుపత్రిలో బొటనవ్రేలు తీసివేసిరి. ఒక్క పైసా అడుగలేదు. మంచి మనసుతోనే చూచిరి. కట్టిన గుడ్డ మా ప్రాంతపుదేనేమో, నేను తలవంచుకొని నిలబడితిని.

షుగరు ముదిరినచో కాలి నరములు మొద్దుబారును. నొప్పి పోవును; నొప్పియే కదా కాలికి కావలివాడు. దీనిని కనిపెట్టుటకు పెద్ద యంత్రమేమియు అక్కరలేదు. రోగి కన్నులు మూసికొనగా, 10 గ్రాముల ఒత్తిడికి వంగు నైలాను పోగుతో అరికాలిని అచ్చటచ్చట తాకుదురు. తెలిసినదా లేదా అని అడుగుదురు. కొద్ది నిమిషముల పని. మన దేశమున షుగరు ఉన్నవారు 10 కోట్లకు పైబడిరని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే తెల్పినది.

ఇందులో ఒక చిత్రమున్నది. 1946లో వేలూరికి వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు, కుష్ఠురోగుల వ్రేళ్ళు వాటంతట అవి కుళ్ళి రాలవనియు, స్పర్శ లేనందున తెలియక తగిలిన గాయములే వాటిని హరించుననియు నిరూపించెను. నేడు అట్టి రోగులకు మెత్తని రబ్బరు చెప్పులు ప్రభుత్వమే ఉచితముగా ఇచ్చుచున్నది. తగిన పనియే. మా నాయనగారి కాలును అటువంటిదే. కాని నేను పోయి అడుగగా ఆయన జబ్బు ఆ పట్టికలో లేదనిరి. కొని తెచ్చితిని. కొనలేనివాని మాట?

"గోళ్ళు తీయుట కూడ సర్కారు పనియేనా? కొడుకులెందుకు?" అని నా మిత్రుడొకడు ఎత్తిపొడిచెను. సగము నిజము. వృద్ధులకు, రోగులకు సేవ చేయుటను వైయావృత్యమను పేర తపస్సులోనే చేర్చిన సంప్రదాయము మనది. అయినను, కొడుకులు లేనివారున్నారు. మిల్లులలో ఒళ్ళు అరగదీసికొని ఒంటరిగా మిగిలిన ముసలమ్మలున్నారు. నావంటి కొడుకున్నను ఏమి చూడవలెనో తెలియదాయె.

లెక్కల మనిషిని కనుక లెక్క చెప్పెదను. 2024 అక్టోబరులో కేంద్రము 70 దాటినవారందరికి, ఆదాయముతో పని లేక, కుటుంబమునకు ఏటా 5 లక్షల వరకు చికిత్స కల్పించినది. అది ఆసుపత్రిలో చేరినవారికి. చేరకుండ కాపాడు చికిత్సకు కాదు. కప్పు కారుచుండగా పెంకు మార్పక, ఇల్లు కూలిన పిదప కట్టుటకు సొమ్ము దాచువానిని మా బజారులో ఏమందురో చెప్పనక్కరలేదు. మన రాష్ట్రము ఇటీవల షుగరు రోగుల పాదములు పరీక్షించు పథకము పెట్టినది, సంతోషము. కాని పరీక్ష ఆసుపత్రిలో. నడువలేని కాలు అచ్చటికి నడచిపోవలెను! 2021 ఆగస్టు నుండి "మక్కళై తేడి మరుత్తువం" క్రింద మాత్రలు ఇంటికి వచ్చుచున్నవి, ఫిజియోథెరపీయు వచ్చుచున్నది. ఆ వచ్చిన అమ్మాయి అరికాళ్ళు కూడ చూచి, గోళ్ళు తీసి పోయిన ఏమగును?

ఇప్పుడు రాత్రి అంగడి కట్టిన పిమ్మట నాయనగారి కాళ్ళు కడిగి, వ్రేళ్ళ సందులు టార్చిలైటుతో చూచుచున్నాను. మొన్న ఎడమ మడమలో పగులు కనబడినది. ఆయనకు తెలియదు. ప్రక్కింటి ముసలమ్మ తలుపు వద్ద నిలిచి చూచి, ఏమియు అనక, తన కాలును చాచినది. గోళ్ళు వంకరపోయి మాంసములో దిగియున్నవి. ఆమె వంగి ఎన్నాళ్ళయినదో. ఇది మూడవ వారము. ఆదివారము రాత్రి ఆమెయే వేణ్ణీళ్ళ చెంబుతో వచ్చుచున్నది.