వెంటిలేటర్ తీయించడం ప్రాణం తీయడమేనా?

మెదడులో రక్తస్రావమై ఐ.సి.యు.లో పడివున్న తండ్రికి వెంటిలేటర్ తీసేద్దామని డాక్టర్లు అంటే, ‘ఒప్పుకుంటే మేము హంతకులమవుతామా?’ అని కొడుకులు అడుగుతారు. ఒక ప్రాణాన్ని కాపాడితే మానవులందరినీ కాపాడినట్లేనని దివ్యఖుర్ఆన్ (5:32) చెప్పింది కనుక వారి భయం సహజమే.

స్పృహ లేకపోవడం వేరు, మెదడు మరణించడం వేరు. కోమాలో ఉన్నవాడు బతికున్న మనిషే. పక్షవాతంతోనో ఫిట్స్‌తోనో స్పృహ తప్పినవారిలో, వెంటనే శ్వాస నిలబెట్టి వైద్యం చేస్తే, కోలుకునేవారున్నారు. ఆ గంటల్లో ‘అల్లాహ్ రాత’ అంటూ తాయెత్తుల కోసం తిరగడం తవక్కుల్ కాదు. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్నారు దైవప్రవక్త (స) (తిర్మిజీ). మెదడు మరణిస్తే కంటిపాపలు వెలుగుకు చలించవు, యంత్రం ఆపి చూస్తే శ్వాస రాదు. మత్తుమందుల ప్రభావం కాదని తేల్చుకున్నాకే ఈ పరీక్షలు చేస్తారు. అవయవదానం కోసం మన దేశంలో తెచ్చిన 1994 చట్టం ప్రకారమైతే నలుగురు వైద్యులు కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి.

ధర్మవేత్తలు దీన్ని లోతుగా చర్చించారు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, మెదడు పూర్తిగా, తిరిగిరాని విధంగా ఆగిపోతే అది మరణమేనంది. 1987లో మక్కాలోని రాబితా ఫిఖహ్ మండలి, ముగ్గురు నిపుణులు నిర్ధారిస్తే యంత్రం తీయవచ్చునంటూనే, గుండె, శ్వాస పూర్తిగా ఆగాకే మరణాన్ని లెక్కించాలంది.

ఈ తేడా చిన్నదేమీ కాదు. తండ్రి మెదడు సోమవారం మరణించింది, గుండె బుధవారం ఆగింది, మంగళవారం ఒక కొడుకు ప్రమాదంలో చనిపోయాడనుకోండి. మొదటి తీర్మానం ప్రకారం ఆ కొడుకు వారసుడు, రెండోదాని ప్రకారం కాడు. భార్య ఇద్దత్ 4 నెలల 10 రోజుల లెక్క కూడా మారుతుంది. సందేహంతో నిశ్చయం చెరిగిపోదన్న ఫిఖహ్ సూత్రాన్ని బట్టి మక్కా తీర్మానమే జాగ్రత్తగా ఉందని నా అభిప్రాయం. యంత్రం తీయడం హత్య కాదన్న విషయంలో మాత్రం రెండూ ఒకటే. ప్రాణం తీయడానికి ఇంజెక్షన్ ఇవ్వడం వేరు, అది హరామ్.

మూర్ఛవ్యాధితో బాధపడే ఒక స్త్రీ దైవప్రవక్త (స) వద్దకొస్తే, ఓర్చుకుంటే స్వర్గమని, కోరితే స్వస్థతకై దుఆ చేస్తానని ఆయన చెప్పారు. ఆమె ఓర్పునే ఎంచుకుంది. మూర్ఛ వచ్చినప్పుడు ఒంటిపై బట్ట తొలగకుండా దుఆ చేయమని మాత్రం అడిగింది (బుఖారీ, ముస్లిం). మన ఐ.సి.యు.లలో గొట్టాల నడుమ రోగి ఒంటిపై దుప్పటి తొలగిపోయి ఉంటుంది. దాన్ని సరిచేయడానికి ఏ ఫత్వా అవసరం లేదు.