తానే తెచ్చుకున్న జబ్బు

“చేసుకున్నవాడికి చేసుకున్నంత” అంటారు పెద్దలు. గంజాయికో, మత్తు ఇంజక్షన్లకో, సారాకో బానిసైన కుర్రాడి మాట వస్తే ముందు ఈ సామెతే వినిపిస్తుంది. తానే తెచ్చుకున్న జబ్బుకి నలుగురి సొమ్ము ఎందుకు పెట్టాలి? ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. పురిటి నొప్పుల తల్లిని ఇంకా డోలీలో మోస్తున్న ఊళ్లు మనవి. ప్రతి పైసాకీ లెక్క అడగాల్సిందే.

అయితే ఆ లెక్క అందరినీ అడుగుతున్నామా? అడ్డచుట్ట కాల్చి అంగిట్లో క్యాన్సర్ వచ్చిన అవ్వకి వైద్యం చేస్తారు. తాగి బండి నడిపి కాలు విరగ్గొట్టుకున్నవాడికి కేజీహెచ్‌లో కట్టు కడతారు. నీదే తప్పు, పొమ్మని ఎవరూ అనరు. అనకూడదు కూడా. మరి ఈ కుర్రాడి దగ్గరే తప్పొప్పుల తక్కెడ ఎందుకు తీస్తున్నాం? మొదటి దమ్ము ఇష్టంతో పీల్చి ఉండొచ్చు. ఒళ్లు అలవాటుపడ్డాక, వందో దమ్ము నాటికి ఆ ఇష్టం చేతిలో ఉండదు. దాన్నే వైద్యులు జబ్బు అంటున్నారు.

చట్టం కూడా ఆ మాటే అంటోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వాడకంతో వచ్చే స్థితుల్ని మానసిక అనారోగ్యంలో చేర్చింది. ఒంటి జబ్బుకి బీమా ఎలా ఇస్తారో దీనికీ అలాగే ఇవ్వాలంది. కానీ 2019లో బీమా నియంత్రణ సంస్థ ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో వ్యసనాల చికిత్స ఒకటి. ఒక చేత్తో ఇచ్చింది రెండో చేత్తో లాక్కున్నట్టయింది.

మనలో ప్రైవేటు బీమా కొనేవాళ్లు తక్కువ. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, మన చేతిలో ఉన్న బీమా. అది ముఖ్యంగా ఆపరేషన్లకి, ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకి కట్టిన పథకం. వ్యసనం మాన్పడం ఒక్క ఆపరేషన్‌తో అయ్యేది కాదు. నెలల తరబడి మందులు, మాటలు, మళ్లీ జారితే మళ్లీ మొదలు. చదువుకో తాపీపనికో మధురవాడ వచ్చి గది అద్దెకి తీసుకున్న మన కుర్రాడు వాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి సిటీ బస్సులో పోగలడు. పాడేరు అవతలి గూడెంలో ఉన్న వాడి తమ్ముడికి అదే వైద్యం కావాలంటే రానుపోను ఛార్జీలు, పోయిన కూలి ఎవరిస్తారు? కార్డు ఉండటం వేరు, వైద్యం అందడం వేరు.

ఛార్జీలకన్నా పెద్ద అడ్డు భయం. ఆసుపత్రికి వెళ్తే పోలీసులకి చెప్తారేమోనని దాక్కుంటారు. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడకం కేసులోనో, కొద్ది పరిమాణం కేసులోనో ఉన్న బానిస తనంతట తానుగా ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన చోట చికిత్సకి వెళ్లి పూర్తి చేస్తే, ఆ కేసులో విచారణ ఉండదు. ఈ సంగతి ఎన్ని గూడేలకి తెలుసు?

పెట్టుబడి పెట్టినవాడు కొండ కింద ఉంటాడు. మూట మోసిన మనవాడు జైల్లో ఉంటాడు. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో గంజాయి తోటలు కొట్టడానికి ప్రభుత్వం కొండెక్కింది. వైద్యం చేయడానికీ ఎక్కాలి. డోలీలో తల్లికీ ఈ కుర్రాడికీ పోటీ లేదు. ఇద్దరికీ కావలసింది అదే రోడ్డు, అదే పీహెచ్‌సీ, అందులో రోజూ ఉండే డాక్టరు.

మాస్టార్లూ, హాస్టల్లో పిల్లాడి దగ్గర పొట్లం దొరికితే టీసీ చేతిలో పెట్టకండి. బడి వదిలినవాడికి మిగిలేది ఆ మూట మోసే పనే. వాడి పేరు నలుగురిలో చెప్పకుండా, 14446కి ఫోన్ చేయండి. అది వ్యసన విముక్తికి ఉన్న జాతీయ ఉచిత నంబరు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మొదటిసారి ఆసుపత్రికి వెళ్లే స్నేహితుడికి తోడు వెళ్లండి. జబ్బు ఎలా వచ్చిందని తర్వాత అడగొచ్చు. ముందు మనిషి బతకాలి.