తండ్రి లేని బిడ్డ వాటా ఊళ్ళోనే

వాక్య పఠనం: ద్వితీయోపదేశకాండము 14:22–29, యాకోబు 1:22–27

ఇశ్రాయేలీయుల పంటలో పదో వంతు దేవునిది. ఏటా ఆ భాగం తీసుకొని ఇంటిల్లిపాదీ దేవుడు ఏర్పరచుకున్న స్థలానికి వెళ్ళి, ఆయన సన్నిధిలో తిని సంతోషించాలి. దారి దూరమైతే ధాన్యం అమ్మి ఆ వెండి పట్టుకెళ్ళవచ్చు. మూడో ఏడు మాత్రం లెక్క వేరు. ఆ ఏటి పదో వంతు ఊరు దాటకూడదు. దాన్ని ఊరి గుమ్మాల లోపలే పోగు చేయాలి. పొలం లేని లేవీయుడు, పరదేశి, తండ్రి లేని బిడ్డ, విధవరాలు వచ్చి కడుపునిండా తినాలి. అలా చేస్తే మీ చేతుల కష్టాన్ని దేవుడు ఆశీర్వదిస్తాడని మోషే ప్రజలకు చెప్పాడు.

ఈ ఏర్పాటును నిదానంగా చూడండి. తండ్రి లేని బిడ్డను దేవుడు ఎక్కడికీ రమ్మనలేదు. అన్నం కోసం ఊళ్ళు పట్టి తిరగమనలేదు. పుట్టిన ఊళ్ళో, తనవాళ్ళ మధ్యే వాడి వాటా వాడికి అందాలన్నాడు. ఎవరికైనా జాలి పుడితే పెట్టండి అని వదిలేయకుండా ఎంత పెట్టాలో, ఏ ఏడు పెట్టాలో, ఎక్కడ పెట్టాలో కూడా చెప్పి ధర్మశాస్త్రంలో రాయించాడు. తండ్రి లేనివారికి తానే తండ్రినని చెప్పుకున్న దేవుడు పిల్లల తిండి విషయంలో ఇంత ఖచ్చితంగా ఉన్నాడు.

ఈ మాటలు చదువుతుంటే అరకు కొండలు గుర్తుకొస్తాయి. అక్కడికి వెళ్ళినవాళ్ళం రైలు సొరంగాలు, బొర్రా గుహలు, వలిసె పూల పసుపు, కాఫీ తోటలు చూసి తిరిగొస్తాం. ఆ తోటల వెనక గూడేల్లో వానలతో పాటు జ్వరాల కాలం కూడా మొదలవుతుంది. మలేరియాలో ఫాల్సిపారం రకం మెదడుకు ఎక్కితే పెద్దవాళ్ళు కూడా తట్టుకోలేరు. రోడ్డు లేని గూడెం నుంచి రోగిని డోలీ కట్టి, వాగులు దాటి మోసుకురావాలి. ఆస్పత్రికి చేరేలోపే ఊపిరి పోయినవాళ్ళు ఎందరో. క్షయ రోగం నెమ్మదిగా వచ్చి అంతే పని చేస్తుంది. దోమతెరలు, దోమల మందు పిచికారీ, గూడెంలోనే రక్తపరీక్ష వచ్చాక మలేరియా చావులు మునుపటికన్నా తగ్గాయి. అందుకు దేవునికి స్తోత్రం. కానీ అమ్మనో నాన్ననో ఇప్పటికే పోగొట్టుకున్న పిల్లల మాటేమిటి?

జూన్‌లో బడి తెరిచిన రోజుల్లో కొండ మీది ఏ ఆశ్రమ పాఠశాలకైనా వెళ్ళి, పిల్లల్ని చేర్చుకునే బల్ల దగ్గర కాసేపు నిలబడండి. దరఖాస్తులో తండ్రి పేరు రాసే గడి ఉంటుంది, దాని పక్కన సంరక్షకుల సంతకానికి చోటుంటుంది. ఒక ముసలామె మనవణ్ణి చేయి పట్టుకొని వస్తుంది. తండ్రి పేరు చెబుతుంది, ఆ వెంటనే లేడని చెబుతుంది. బొటనవేలికి సిరా రాసుకొని వేలిముద్ర వేసి, వేలు కొంగుకు తుడుచుకుంటుంది. ఆమెకు చదువు రాదు. పొద్దున పోడు పనికి వెళ్ళాలి, సాయంత్రం చోడి అంబలి కాయాలి. అయినా కొడుకు బిడ్డ చదవాలని ఎన్నో మైళ్ళు నడిచి వచ్చింది. అలా తెచ్చి చేర్పించేవాళ్ళు లేని పిల్లలు ఎవరివో మేకలు కాస్తూ కొండ మీదే ఉండిపోతారు. కొండల్లో పెద్దదిక్కు పోయిన బిడ్డకు ముందుగా పోయేది చదువే. పని మాత్రం ఎవరో ఒకరు వెంటనే చూపిస్తారు.

ఈ కొండల అంచునే, నూటయాభై ఏళ్ళ కిందట, జ్వరం ఇంకొక పిల్లవాణ్ణి తండ్రి లేనివాణ్ణి చేసింది. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి ఆ పిల్లవాడు. తండ్రి వీర్రాజు గారు ఉద్యోగం మీద చోడవరం బదిలీ అయి, 1875లో అక్కడే విషజ్వరంతో కన్నుమూశారు. కొడుక్కి అప్పటికి పన్నెండేళ్ళు. మలేరియా లాంటి జ్వరం ఎలా వస్తుందో ఆనాడు ఎవరికీ తెలియదు. మలేరియాను మోసేది దోమేనని రొనాల్డ్ రాస్ సికిందరాబాదులో కనిపెట్టింది 1897 ఆగస్టులో, అంటే ఇరవై రెండేళ్ళ తరువాత. రామమూర్తికి మాత్రం చదువు ఆగలేదు. విశాఖపట్నంలో బంధువుల అండన ఉండి 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాడు. మరుసటి ఏడు పర్లాకిమిడి రాజా వారి బడిలో నెలకు ముప్పై రూపాయల జీతానికి ఉపాధ్యాయుడయ్యాడు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవర గిరిజనులు ఉంటారు. అప్పట్లో వాళ్ళ పిల్లలకు బడి లేదు, వాళ్ళ భాషకు పుస్తకం లేదు. గిడుగు వారు ముందు ఆ భాష నేర్చుకున్నారు. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక దళితుణ్ణి తన ఇంట్లోనే ఉంచుకొని నేర్చుకున్నారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఒక బడిపంతులు ఆ రోజుల్లో అలా చేయడానికి ఎంత గుండె కావాలో మన పెద్దలకు తెలుసు. ఆ తరువాత ఆయన సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టి, ఉపాధ్యాయుల జీతాలు తానే ఇచ్చారు. ప్రభుత్వం ఆయనకు పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చి, జీవితమంతా ఉండిపోయింది. సవర మాటలు వినడానికి కొండెక్కిన మనిషి తన వినికిడినే అక్కడ వదిలి వచ్చారు. అయినా పని ఆపలేదు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. కొడుకు సీతాపతి ఆ పనిని అందుకున్నారు. వాడుక భాషా ఉద్యమ నాయకుడైన గిడుగు వారి పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. సవర గూడేల్లో ఆయన పెట్టిన బడులను కూడా ఆ రోజు తలుచుకోవాలి.

గిడుగు వారు క్రైస్తవులు కారు. కానీ వాక్యం విని ఊరుకోవద్దు, వినినదాన్ని చేయండి అని యాకోబు చెప్పిన అధ్యాయం చదివే మనకు, ఆయన చేసిన పని ఎదుట నిలబడి నేర్చుకోవలసింది చాలా ఉంది. మంచి సమరయుని ఉపమానం చెప్పిన ప్రభువు, మేలు చేసినవాడు ఏ జాతివాడని అడగకుండా, వెళ్ళి అలాగే చేయమన్నాడు.

గిడుగు వారి బడిలో మనం గమనించవలసినవి రెండు. మొదటిది, బడి పిల్లల దగ్గరికి వెళ్ళింది. రెండవది, పిల్లల భాషలో మాట్లాడింది. పెంతెకొస్తు దినాన దేవుడు చేసిన పని గుర్తుందా? యెరూషలేములో చేరిన నానా దేశాల జనులకు ముందు మా భాష నేర్చుకు రండి అని ఆయన చెప్పలేదు. ఎవరు ఏ భాషలో పుట్టారో ఆ భాషలోనే తన గొప్ప కార్యాలు వినిపించాడు. తల్లిని పోగొట్టుకున్న బిడ్డకు తల్లి దగ్గర నేర్చిన భాష ఒక్కటే మిగిలి ఉండవచ్చు. బడిలో అడుగుపెట్టిన మొదటి రోజే ఆ భాషలో కూడా నోరెత్తనివ్వకపోతే, తల్లి పోయిన ఇంట్లో మిగిలినది కూడా వాడి నుంచి తీసుకున్నట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియాతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలైంది. గిడుగు వారు ఆ అవసరాన్ని అంతకు నూరేళ్ళ ముందే గ్రహించారు.

ఇవే తూర్పు కనుమల్లో, ఒడిశా వైపు బిస్సమ్‌కటక్ ఉంది. డెన్మార్క్ నుంచి వచ్చిన లిస్ మాడ్సెన్ అనే వైద్యురాలు 1954లో అక్కడ క్రైస్తవ ఆస్పత్రి ప్రారంభించారు. జ్వరాలతో వచ్చే కొండ ప్రజలకు మందు ఇస్తూ ఇస్తూ, మందు ఒక్కటే చాలదని ఆ ఆస్పత్రివారు గ్రహించారు. తరువాతి కాలంలో కాచపాజు అనే ఊళ్ళో ఆదివాసీ పిల్లలకు పాఠశాల పెట్టారు. అరకు ప్రాంతంలోనూ వినిపించే కువి భాషకు ఆ బడిలో చోటుంది. రోగి ప్రాణం కాపాడిన చేతులే రోగి బిడ్డకు పలక కూడా పట్టించాయి. సంఘం చేయవలసిన పని ఇదే వరుసలో సాగాలి.

ప్రియ సహోదరీ సహోదరులారా, అనాథ పిల్లలంటే మన గుండె కరుగుతుంది. క్రిస్మస్‌కు బట్టలు పంచుతాం, కేకు కోస్తాం, ఫోటో తీసుకుంటాం. అందులో ప్రేమ లేదని అనలేం. కానీ జనవరి మొదటి వారానికి మన ప్రేమ కొండ దిగిపోతుంది, ఆ బిడ్డ కొండ మీదే ఉంటాడు. జాలికి తీరిక దొరికిన రోజు వెళితే సరిపోతుంది. బడి మాత్రం రోజూ తెరవాలి. వాన పడుతున్నా పంతులు రావాలి, మధ్యాహ్నం పొయ్యి వెలగాలి, రాత్రి దోమతెర చిరుగులు చూడాలి, జ్వరం వచ్చిన బిడ్డకు అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. నెలాఖరుకు ఉపాధ్యాయుడి జీతం అందాలి. బడి ప్రారంభించిన రోజు రిబ్బను కత్తిరించడానికి చాలామంది వస్తారు. మూడో ఏడు జీతం ఇవ్వడానికి ఎవరు ఉంటారో వాళ్ళే ఆ బడిని నిజంగా స్థాపించినవాళ్ళు. మూడో ఏటి పదో వంతును దేవుడు ప్రత్యేకంగా తండ్రి లేనివారికి కేటాయించడంలో ఈ జ్ఞానం ఉంది.

ఇంకొక మాట హెచ్చరికగా వినండి. కొండ పిల్లలకు మేలు చేద్దామని వాళ్ళను వ్యానెక్కించి పట్నంలోని హోముకు తీసుకుపోయే అలవాటు మన మధ్య ఉంది. నాయనమ్మ ఉంది, పినతండ్రి ఉన్నాడు, వాళ్ళ ఊరుంది, వాళ్ళ భాష ఉంది. వీటన్నిటినీ తీసేసి ఒక మంచం, మూడు పూటల భోజనం ఇచ్చి మేలు చేశామనుకుంటే సరిపోదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా ఇదే చెబుతోంది. బిడ్డ కుటుంబంలో పెరగాలి, వసతిగృహం చివరి మార్గంగానే ఉండాలి, పిల్లల్ని ఉంచుకునే ప్రతి గృహమూ నమోదై ఉండాలి. బంధువుల దగ్గర పెరిగే అనాథ పిల్లలకు మిషన్ వాత్సల్య పథకంలో నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. అది అందాలంటే తల్లిదండ్రుల మరణ ధ్రువీకరణ పత్రం, బిడ్డ ఆధార్, బ్యాంకు ఖాతా కావాలి. కొండ మీద జరిగిన చావు చాలాసార్లు ఏ రిజిస్టరుకూ ఎక్కదు. వేలిముద్ర వేసే నాయనమ్మ ఈ కాగితాల కోసం మండల కార్యాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరగగలదు? ఆమె వెంట ఒక విశ్వాసి నడిచి వెళ్ళి ఆ పని పూర్తి చేయిస్తే, యాకోబు చెప్పిన నిష్కళంకమైన భక్తి అదే. తండ్రి లేనివారిని వారి ఇబ్బందిలో కలుసుకోవడం అంటే ఒక్కొక్కసారి వాళ్ళతో కలిసి ఆఫీసు వరండాలో కూర్చోవడం కూడా.

మిమ్మల్ని దిక్కులేనివారిగా విడిచిపెట్టనని మన ప్రభువు శిష్యులకు మాట ఇచ్చాడు. ఆ మాట మీద ఆనుకొని బతుకుతున్నవాళ్ళం మనం. ఏ మాట మనల్ని నిలబెట్టిందో ఆ మాటకు కొండ మీద రుజువుగా నిలబడే బాధ్యత కూడా మనదే.

ప్రార్థన: తండ్రి లేనివారికి తండ్రివైన మా దేవా, మా పంటలో, మా జీతంలో ఆ పిల్లల వాటాను నీవు ముందే నిర్ణయించావు. దాన్ని మాదని దాచుకున్న రోజుల కోసం మమ్మును క్షమించు. అరకు, పాడేరు, పార్వతీపురం కొండల్లో రోగం వల్ల అమ్మానాన్నలను పోగొట్టుకున్న ప్రతి బిడ్డనూ నీ రెక్కల నీడలో దాచు. ముసలి వయసులో మనవలను మోస్తున్న నాయనమ్మలకు, అమ్మమ్మలకు బలమివ్వు. వానలో, చలిలో బడి తెరిచే ఉపాధ్యాయులను, జ్వరాల కాలంలో గూడెం గూడెం తిరిగే ఆశా కార్యకర్తలను కాపాడు. మొదలుపెట్టిన మేలును మధ్యలో వదలని మనసు మాకు దయచేయి. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.

నేటి తీర్మానం: ఈ నెల మీ దశమభాగంలో కొంత ఒక కొండ బడికి విడిగా తీసిపెట్టండి. పంపే ముందు ఆ ఊరేదో, అక్కడి పంతులు ఎవరో, పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో తెలుసుకోండి. ఒక్క నెలతో ఆపకండి, కనీసం మూడేళ్ళు ఇవ్వండి.