అర్జునుడు ముందు తన ఒంటి సంగతి చెప్పాడు

ఈ వారం వీడియోలో గీత మొదటి అధ్యాయం చెప్పుకున్నాం కదా. అక్కడ టైమ్ చాలక వదిలేసిన సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

28 నుంచి 30 శ్లోకాల దాకా అర్జునుడు ఏం చెబుతున్నాడో చూడండి. కాళ్లూ చేతులూ పట్టు తప్పుతున్నాయి, నోరు ఎండిపోతోంది, ఒళ్లు వణుకుతోంది, గాండీవం జారిపోతోంది, చర్మం మండుతోంది, నిలబడలేకపోతున్నాను, మనసు గిర్రున తిరుగుతోంది. యాంగ్జైటీతో డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లు చెప్పేవీ దాదాపు ఇవే. అంత వీరుడు ఇవన్నీ సిగ్గుపడకుండా పైకి చెప్పేశాడు. ఆ అధ్యాయం పేరు అర్జున విషాద యోగం. విషాదాన్ని కూడా యోగమన్నారు మన పెద్దలు!

మరి మనం? కోపం వస్తే మింగేస్తాం, ఏడుపు వస్తే ఫోన్ తీస్తాం, భయమేస్తే ఇంకో పని నెత్తినేసుకుంటాం. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, అలర్ట్ మ్యూట్ చేసినంత మాత్రాన సర్వర్ బాగుపడదు. ఏమిటో తేల్చుకోని బాధ లోపలే ఉండిపోయి రేపటి మీటింగ్ గురించో, అమ్మ ఆరోగ్యం గురించో దిగులుగా బయటికొస్తుంది. అర్జునుడిది ఒక్క పూట కలత. మనది నెలలు నడుస్తుంది.

ఇంట్లో చెబితే "ధైర్యంగా ఉండు, అంతే" అంటారు. నిజానికి కృష్ణుడూ ముందు అలాగే అన్నాడు! రెండో అధ్యాయం 2, 3 శ్లోకాల్లో పిరికితనం వదిలి లేవమని గద్దించాడు. అర్జునుడు లేవలేదు. మళ్లీ తన గోడు చెప్పుకుని, 7వ శ్లోకంలో నాకేమీ తోచడం లేదు, నీ శిష్యుణ్ణి, దారి చూపించమని అడిగాడు. అసలు బోధ 11వ శ్లోకం నుంచి మొదలవుతుంది. గీతలో నాకు బాగా నచ్చిన చోటు ఇది.

ఆరో అధ్యాయం 34లో, మనసును పట్టడం గాలిని పట్టడమంత కష్టమని అర్జునుడు అంటాడు. స్వామి కాదనలేదు. నిజమే, కష్టమే అని ఒప్పుకుని, ఆ తర్వాతే అభ్యాసం, వైరాగ్యం అన్నాడు. నాకు అర్థమైనంతలో ఇక్కడ వైరాగ్యమంటే వచ్చిన భావాన్ని రానిచ్చి, దాని వెనకాల పరిగెత్తకపోవడం. అభ్యాసానికి రాత్రి దీపం దగ్గర ఐదు నిమిషాలు చాలు. ఈ రోజు ఎక్కడ కోపమొచ్చింది, ఎక్కడ భయమేసింది, ఒంట్లో ఎలా అనిపించింది అని స్వామికి విడివిడిగా చెప్పుకోండి. "అంతా నువ్వే చూసుకో స్వామీ" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి.

నిద్ర పట్టక, పని సాగక రోజుల తరబడి దిగులు పడుతుంటే మాత్రం పూజతో సరిపెట్టుకోవద్దు, డాక్టర్‌ని కలవండి. సాయం అడిగితే భక్తి తక్కువైనట్టు కాదు, అర్జునుడూ అడిగాడు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు తీసుకోరు.

జై శ్రీకృష్ణ.