కొసరు పిచ్చుక



మా పక్కింట్లో ఒక అమెరికన్ జంట ఉంటారు. ఇద్దరికీ డెబ్బై అయిదు దాటాయి. ఆయన కరెంటు లైన్ల పని చేసి రిటైరయ్యారు, ఆవిడ స్కూల్ టీచరుగా చేశారు. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో మేం ఇల్లు తీసుకుని ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళూ వాళ్ళు రోజూ చేస్తుండగా నేను చూసిన పని ఒక్కటే. పిట్టల్ని చూడడం. తెల్లవారకముందే మెడలో బైనాక్యులర్స్, చేతిలో ఫ్లాస్కు, రెండు మడత కుర్చీలు కారులో వేసుకుని బయల్దేరతారు. ఎండ ముదిరేసరికి ఇంటికొస్తారు. 2023 వేసవిలో ఇక్కడ వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 43 డిగ్రీలు, తగ్గని ఎండ కాసింది. అప్పుడూ మానలేదు. చీకటితో వెళ్ళి ఏడింటికల్లా వచ్చేసేవాళ్ళు.

నాకది చోద్యంగా ఉండేది. నిజం చెప్పాలంటే కొంచెం చిన్నచూపు కూడా. నేను రెండు వారాల స్ప్రింట్లతో కాలాన్ని కొలిచే మనిషిని. శుక్రవారం సాయంత్రానికి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. ఏమీ మిగలని పనిని పని అనడం మా ఉద్యోగాల్లో లేదు.

మొన్న మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కి షికాగో నుంచి వాళ్ళ తొమ్మిదేళ్ళ మనవడు వచ్చాడు. ఒక శనివారం మమ్మల్నీ రమ్మంటే, నాలుగేళ్ళ మా పాపని తీసుకుని వెళ్ళాను. గిల్బర్ట్‌లో రిపేరియన్ ప్రిజర్వ్ అని 110 ఎకరాల స్థలం ఉంది. ఊరు వాడేసిన నీటిని శుద్ధి చేసి అక్కడి ఏడు చెరువుల్లోకి వదులుతారు. అది భూమిలోకి ఇంకి భూగర్భజలం అవుతుంది. ఎడారి మధ్య నీళ్ళు కనబడితే పక్షులు ఊరుకుంటాయా? కొంగలు, బాతులు, తేనెపిట్టంత హమ్మింగ్‌బర్డ్‌లు, అన్నీ అక్కడే.

పిల్లవాడు ఫోనులో మెర్లిన్ యాప్ తెరిచాడు. కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్ వాళ్ళు చేసింది. చుట్టూ వినబడే కూతల్ని విని ఏ పిట్టో పేరు చెబుతుంది. పది నిమిషాల్లో పద్నాలుగు పేర్లు వచ్చాయి. "పద్నాలుగు!" అన్నాడు, ఆటలో స్కోరు చెప్పినట్టు.

"ఇందులో నువ్వు చూసినవి ఎన్ని?" అన్నారు వాళ్ళ అమ్మమ్మ.

"ఫోను విన్నది కదా!"

ఆవిడ నవ్వి ఊరుకున్నారు. నేను మాత్రం మనసులో వాడి పక్షమే. పని అయిపోయింది కదా!

కాసేపటికి వాడికి విసుగొచ్చింది. "ఇప్పుడేం చెయ్యాలి?" అనడిగాడు.

"ఏం చెయ్యక్కర్లేదు, కూర్చో" అన్నారు తాతయ్య.

ఒడ్డున పెద్ద నీలి కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంది. అరగంట సేపు అందరం దాన్నే చూశాం. మా పాప నా ఒళ్ళో నిద్రపోయింది. "అదేం చేస్తోంది?" అన్నాడు పిల్లవాడు. "నేనూ అదే చూస్తున్నా" అన్నారాయన. చివరికి చేపని పట్టిందేమో అనుకుంటారు. లేదు. రెక్కలు విప్పి ఎగిరిపోయింది. "అంతేనా?" అన్నాడు వాడు. "అంతే" అన్నారాయన, చాలా సంతోషంగా.

మర్నాడు పొద్దున మా కిటికీలోంచి చూస్తే వాళ్ళ కారులోకి మడత కుర్చీలు మూడు ఎక్కుతున్నాయి.

అప్పటినుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఏ లాభమూ ఇవ్వని చూపుకి విలువ ఉంటుందా? పెన్షను, ఆరోగ్యం, సొంత ఇల్లు ఉన్నవాళ్ళకి చెల్లే వినోదం కదా అది అని మీరనవచ్చు. ఆ మాటలో నిజం ఉంది. రెండు షిఫ్టులు చేసే మనిషికి కొంగని చూస్తూ కూర్చోమని నేను చెప్పలేను.

కానీ వాక్యంలో ఒక విషయం గమనించండి. సామెతల గ్రంథం ఆరో అధ్యాయం సోమరిని చీమ దగ్గరికి పంపుతుంది. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో యేసు ప్రభువు చింతపడేవాళ్ళకి ఆకాశపక్షుల్ని చూపిస్తాడు. ఇద్దరికీ చెప్పిన మందు ఒకటే, చూడమని. చూడాల్సినవి మాత్రం వేరు. మరి మన ఫెలోషిప్‌లో సోమరులెందరు? వీసా, లేఆఫ్, ఇంటి అప్పు, పిల్లల కాలేజీ అని రాత్రిళ్ళు నిద్రపట్టని వాళ్ళెందరు? మన జబ్బు రెండోది. అయినా మనకి మనం మొదటి మందే వేసుకుంటున్నాం. ఆదివారం కూడా చీమ గురించే ఆలోచిస్తున్నాం.

ఇంకో లెక్క ఉంది. మత్తయి చెప్పిన ధర ప్రకారం పిచ్చుకలు కాసుకి రెండు. లూకా చెప్పిన ధర రెండు కాసులకి అయిదు. నాలుగు రావాలి కదా, అయిదోది ఎక్కడిది? మన రైతుబజారులో కూరగాయలు కొన్నాక గుప్పెడు కొత్తిమీర వేస్తారే, అలాంటిదే. కొసరు. దానికంటూ ధర లేదు. ఆ అయిదింటిలో ఒక్కదాన్నీ దేవుడు మరిచిపోడని ప్రభువు చెప్పాడు. అంటే కొసరు పిచ్చుకని కూడా.

ఇక్కడికి వచ్చేసరికి నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు.

ఆయనది పాలకొల్లు దగ్గర ఊరు. గవర్నమెంటు స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. నాలుగేళ్ళ కిందట ఫిబ్రవరిలో పాప పుట్టినప్పుడు ఆరు నెలలకి అమ్మని పిలిపించాం. కాన్పు, పత్యం, పసిబిడ్డకి స్నానం, అమ్మ లేకపోతే జరగదు. నాన్నగారిని ఒక్కరినే ఇంట్లో వదలలేం కాబట్టి ఆయనకీ టికెట్టు తీశాం. అమ్మ అవసరం, నాన్న కొసరు. ఈ మాట నేను ఎప్పుడూ పైకి అనలేదు. కానీ ఆ ఆరు నెలలూ ఆయనతో అలాగే ఉన్నాను. ఆయన పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. నేను గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉండేవాణ్ణి. పాపం, ఏం తోచక కూర్చున్నారు అనుకునేవాణ్ణి.

మొన్న ఫోనులో ఆయనకి పక్కింటివాళ్ళ సంగతీ, కొంగ సంగతీ చెప్పాను. కాసేపాగి, "ఆ తురాయి పిట్టలు ఇంకా వస్తున్నాయా?" అన్నారు.

"ఏ పిట్టలండీ?"

"మీ పెరటి గోడ కిందనించి వచ్చేవి కాదూ, నెత్తిమీద నల్ల తురాయి ముందుకి వంగి ఉండేవి? మే నెలలో పిల్లల్ని వెంటేసుకొచ్చింది. మొదట్లో పదమూడు. తర్వాత తొమ్మిదే మిగిలాయి."

గ్యాంబెల్ క్వెయిల్ అంటారు వాటిని. ఈ ఎడారి కంజులు. ఆరేళ్ళుగా నా పెరట్లో తిరుగుతున్నాయి. వాటి పిల్లల్ని లెక్కపెట్టిన మనిషి ఒక్కరే, ఆరు నెలలకి వచ్చి వెళ్ళిన నాన్నగారు.

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు మీటింగుల్లో ఉండేవాడివి కదా. పాపకి చూపించేవాణ్ణిలే."

నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అన్నారు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

పక్కింటి పెద్దాయన కొంగని చూస్తే దాన్ని హాబీ అన్నాను. మా నాన్నగారు కంజుల్ని చూస్తే తోచకపోవడం అన్నాను. చూపు ఒకటే. తేడా నా కళ్ళలో ఉంది. మనిషిని అవసరానికి మాత్రమే పిలిచే అలవాటు పడ్డాక, అవసరం లేని వేళ ఆ మనిషి ఏం చేస్తున్నాడో మనకి కనబడదు. లాభం లేకపోయినా ఒక పిట్టని అరగంట చూడగలిగితే, పనిలేని వేళ కన్నతండ్రిని చూడడం కూడా కొంచెం అలవాటవుతుందేమో. నాకు ఇప్పటికి దొరికిన జవాబు ఇంతే.

వచ్చే ఫిబ్రవరికి అమ్మానాన్నల్ని రమ్మన్నాం. "ఏమైనా విశేషమా?" అని అమ్మ ఆత్రంగా అడిగింది. ఏ విశేషమూ లేదు, ఏ పనీ లేదు, ఊరికే రమ్మన్నాను. నమ్మడానికి ఆవిడకి రెండు ఫోన్లు పట్టింది.

మడత కుర్చీలు మూడు కొన్నాను. మూడోది నాకే. అందులో ఎన్ని పొద్దుటలు కూర్చుంటానో చెప్పలేను. నా కోసం ప్రార్థన చెయ్యండి.