రెండవ స్థానము

చెరకు పండు మన రుద్రూరు, బోధను ప్రాంతములో బెల్లము వండుట చూచినవారికి ఒక సంగతి తెలియును. బెల్లము మంచి రంగు తేలినయెడల పాకము తీసినవానిని అందరును మెచ్చుకొందురు. తెల్లవారినది మొదలు పొయ్యిలో పిప్పి ఎగదోయుచు మంట నిలిపినవాని పేరు ఎవరును అడుగరు. అయినను మంట తగ్గినచో పాకము చెడునని అందరమును ఎరుగుదుము. మరియొకరి పేరున వెలయు పనిలో మన కష్టమునకు విలువ యున్నదా? ఈ ప్రశ్న మనలో అనేకులను బాధించుచున్నది.

దీనిని గూర్చి ఆలోచించుచుండగా ఒక ఆటకు సంబంధించిన వృత్తాంతము మాకు జ్ఞాపకము వచ్చినది. బాస్కెట్ బాల్ ఆటను 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు వై.ఎం.సి.ఏ. శిక్షణాలయములో జేమ్స్ నైస్మిత్ కల్పించెను. కొలది కాలములోనే స్త్రీల కాలేజీలలోను అది వ్యాపించెను. ఆ దేశములోని టెనెస్సీ యూనివర్సిటీ స్త్రీల జట్టుకు ప్యాట్ సమ్మిట్ 1974 మొదలు 2012 వరకు ముఖ్య శిక్షకురాలు. ఆమె జట్టు 8 జాతీయ విజయములు పొందెను. ఆమె పేరు లోకమెరుగును. 1985 మొదలు 27 సంవత్సరములు ఆమె ప్రక్కన సహాయ శిక్షకురాలుగా నిలిచిన హాలీ వార్లిక్ పేరు ఎందరెరుగుదురు? ఆ 8 విజయములలోను ఈమె కష్టమున్నది.

సహాయ శిక్షకురాలి పని యేమి? ఎదుటి జట్టు ఆటను ముందుగా పరిశీలించుట, క్రొత్త క్రీడాకారిణులను వెదకుట, తప్పిన అడుగును ఒక్కొక్కరికి విడిగా దిద్దుట, ఆడనియ్యక కూర్చుండబెట్టిన పిల్లకు ధైర్యము చెప్పుట. గెలుపోటముల లెక్క మాత్రము ముఖ్య శిక్షకురాలి పేరున వ్రాయబడును.

2011లో సమ్మిట్ తనకు అల్జీమర్స్ జాతి మతిమరపు వ్యాధి కలిగినదని వెల్లడించెను. అయినను ఆ యేడు ఆమె స్థానము ఆమెకే యుండెను. పని భారములో చాల భాగము వార్లిక్ మోసెను. నిర్గమకాండము 17వ అధ్యాయములో మోషే చేతులు బరువెక్కగా అహరోను, హూరు చెరియొక ప్రక్కను నిలిచి సూర్యుడు అస్తమించువరకు వాటిని ఎత్తిపట్టిన దృశ్యము ఇట్టిదే. చేతులు మోషేవే, నిలిపిన బలము వారిది.

2012లో వార్లిక్ ముఖ్య శిక్షకురాలాయెను. ఏడు ఆటకాలముల తరువాత, 2019లో, ఆమెను ఆ పదవినుండి తొలగించిరి. అట్లయిన వెనుకటి 27 సంవత్సరములు వ్యర్థమా? వాటిని పెద్ద పదవికి మెట్టుగా మాత్రమే లెక్కించిన వ్యర్థమనవలెను. ఆమె చేత ఆట నేర్చుకొన్న పిల్లలు ఆ నేర్పును తిరిగి యిచ్చివేయలేదు గదా! చేసిన మేలు పదవితోకూడ ఊడిపోదు. హూరును గూర్చి లేఖనము అటుతరువాత చెప్పినది బహు స్వల్పము. అయినను ఆ దినపు సహాయము సహాయమే.

అయితే ఇక్కడ మనము జాగ్రత్తపడవలెను. ఈ బోధను చేతపట్టుకొని ఇంటిలో స్త్రీని, పొలములో కూలివానిని, సంఘములో చిన్నవారిని “మీకు వెనుక చోటే మేలు” అని అణచుట న్యాయము కాదు. ప్రేమతో వెనుక నిలుచుట వేరు. బలవంతముగా వెనుకకు నెట్టబడుట వేరు. మొదటిది సేవ, రెండవది అన్యాయము. ముందు నిలిచినవారికిని ఒక ఋణమున్నది: తమ చేతులు ఎవరు పట్టుకొనిరో మరువకుండుట, కూలియైనను గౌరవమైనను వారికి చెందినది వారికిచ్చుట.

ప్రియ చదువరులారా, ఈ నెలలో మనము రెండు ప్రశ్నలు వేసికొందము. ఎవరి చేతులు బరువెక్కుచుండగా మనము చూచి ఊరకున్నాము? మన పొయ్యిలో మంట నిలుపుచున్నవారి పేరు మనమెప్పుడైన అడిగితిమా?