జలియన్‌వాలాబాగ్‌ను తలచుకునే తీరు

జాతికి తగిలిన గాయాన్ని పసివయసులోనే చూసిన మనసు దాన్ని ఏం చేసుకోవాలి? 1919 ఏప్రిల్ 13, వైశాఖి పండుగ నాడు అమృత్‌సర్‌కు వచ్చిన పల్లెజనం, విచారణ లేకుండా నిర్బంధించేందుకు వీలిచ్చే రౌలట్ చట్టాన్ని నిరసించే పట్నవాసులు జలియన్‌వాలాబాగ్‌లో కూడారు. బ్రిటిష్ సైనికాధికారి డయ్యర్ ముందస్తు హెచ్చరికైనా లేకుండా దాదాపు పది నిమిషాల పాటు 1650 తూటాలు కాల్పించాడు. ప్రభుత్వం ఒప్పుకున్న మృతులు 379 మంది. ఆ లెక్కలోనే 41 మంది మగపిల్లలు, ఆరు వారాల పసికందు ఉన్నారు. మృతులు వెయ్యి మంది దాకా ఉంటారని కాంగ్రెస్ అంచనా. ఆ గోడల మీద తూటాల గుంటలు నేటికీ కనిపిస్తాయి.

క్షమించమని చెప్పే ఆధ్యాత్మికత ఇలాంటివి మరచిపొమ్మనే చెబుతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. బాగ్‌కు కూతవేటు దూరంలోని స్వర్ణ దేవాలయంలో నిత్యం వినిపించే సిక్కుల ప్రార్థన అర్దాస్‌నే చూడండి. అందులో గురు గోవింద్ సింగ్ నలుగురు కుమారులను తలుస్తారు; ధర్మం కోసం తలలిచ్చినవారిని, రంపపు కోతకు గురైనవారిని తలుస్తారు. ఆ హింసను మెత్తని మాటల చాటున దాచరు. పెద్దల పక్కన చేతులు జోడించి నిలబడిన పిల్లలూ ఇదంతా వింటారు. చివరికి ఆ ప్రార్థన కోరేది ప్రతీకారం కాదు, సర్వజనుల మేలు. శత్రువును క్షమించాలన్నా అతడు చేసింది ఏమిటో ముందు తెలియాలి కదా.

దేశభక్తికి దైవభక్తి ఎందుకన్న ప్రశ్న మరింత బరువైనది. కాల్పుల నాటికి భగత్ సింగ్‌కు పదకొండేళ్లు. పెద్దయ్యాక నాస్తికుడినని ప్రకటించి, ఆ మాట మీదే ఉరికంబం ఎక్కాడు. కనుక దేవుణ్ణి నమ్మనివారికి దేశభక్తి ఉండదనడం అబద్ధం, అపచారం కూడా. విశ్వాసి తనకు ఎక్కువ హక్కు ఉందనుకోకూడదు. ఎక్కువ బాధ్యత ఉందనుకోవాలి. ఎదుటివాడిలోనూ ఈశ్వరుణ్ణి చూస్తానన్నవాడు తన దుఃఖాన్ని పగకు పెట్టుబడిగా మార్చుకోలేడు. బాగ్‌లో స్మారకం కోసం విరాళాలు అడిగినప్పుడు గాంధీజీ ఇదే పట్టుబట్టారు: అది ద్వేషాన్ని నిలిపి ఉంచే గుర్తు కాకూడదని.

అయితే పగను ఆపడానికి మంచి మాటలు చాలవు, పూర్తి కథ చెప్పాలి. కాల్పులకు నాలుగు రోజుల ముందు, ఏప్రిల్ 9న శ్రీరామనవమి. ఆనాటి ఊరేగింపులో ముస్లింలూ నడిచారు. హిందువులూ వాళ్లూ ఒకే పాత్రతో మంచినీళ్లు తాగారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. మర్నాడే ప్రభుత్వం అమృత్‌సర్‌లో నిరసనలకు నాయకులైన డాక్టర్ సత్యపాల్‌ను, డాక్టర్ సైఫుద్దీన్ కిచ్లూను పట్టుకుని ధర్మశాలకు పంపేసింది. వారిలో ఒకరు హిందువు, ఒకరు ముస్లిం. పిల్లలకు ఏప్రిల్ 13 గురించి చెప్పే పెద్దలు ముందుగా 9వ తేదీ గురించి చెప్పాలి. ఆ మంచినీళ్ల పాత్ర సంగతి వినని పిల్లవాడికి బాగ్‌లో చంపినవాళ్లు మాత్రమే గుర్తుంటారు. చనిపోయినవాళ్లు ఎలా కలిసి బతికారో తెలియకుండా పోతుంది.